థ వత్తు

తార్నాక,
జూన్ 9.

ప్రియ కుమారుడు ప్రభుదాసుకు,
ప్రభువైన యేసుక్రీస్తు నామమున శుభములు చెప్పి అమ్మ వ్రాయునది.

ఉత్తరం చూసి నవ్వుకుంటావని తెలుసు. మీ హాస్టల్ నుంచి మన ఇంటికి నడిచి వస్తే అరగంట. కాని ఈస్టర్ నాడు ఫోన్లో మనం అరుచుకున్నది కింది వాటా వాళ్లు కూడా విన్నారు. కాగితం మీద అరవడం కష్టం కదా, అందుకని ఇది. మీ మెస్సులో వంట చేసే బాలలక్ష్మి సాయంత్రం లాలాపేట్ వెళ్తూ మన వీధిలోంచే పోతుంది. "గీడికెళ్లి గాడికి ఉత్తరమేంది టీచరమ్మా? నేను నోటితోని చెప్త గద" అంది. నోటితో చెప్పేది కాదమ్మా అన్నాను.

మీ హేతువాద సంఘం సభలో నువ్వు మాట్లాడిన వీడియో మా స్త్రీల సమాజం గ్రూపులోకి వచ్చింది. 'ఆధునిక సమాజానికి దేవుడు అవసరమా' అన్న చర్చ. పద్దెనిమిది నిమిషాలూ చూశాను. బాగా మాట్లాడావు. తెలుగు పంతులమ్మ కొడుకువని అనిపించుకున్నావు. వెనకాల బ్యానరు మీద నీ పేరు 'దాస్' అని వేశారు. ప్రభువును తీసేసి దాసుణ్ణి ఉంచుకున్నావు, మరి ఇప్పుడు ఎవరికి దాసుడివిరా?

పదమూడో నిమిషంలో మీ చెల్లి హెప్సిబా వచ్చింది. "మా అమ్మ దేవుణ్ణి నమ్మి మూర్ఛ బిళ్లలు మానిపించింది. మా చెల్లి ఐదేళ్లకే చచ్చిపోయింది" అన్నావు. అక్కడ చప్పట్లు కొట్టారు.

నేను కోప్పడటం లేదు. పందొమ్మిదేళ్లుగా ఏటా దాని జ్ఞాపకార్థ కూడికలో నేను చెప్పే సాక్ష్యమూ అదే. బిళ్లలు నేనే మానిపించాను, బిడ్డను ప్రభువు పిలుచుకున్నాడు అంటాను. నేను చెబితే స్తోత్రం అంటారు, నువ్వు చెబితే చప్పట్లు కొడతారు. ఒక్క మాట దగ్గర మాత్రం ప్రాణం ఉసూరుమంది. చచ్చిపోయింది అన్నావు. మన వాళ్లలో నిద్రించింది అంటాం. ఆ మాటైనా దానికి ఉంచాల్సింది.

అన్నం సరిగా తిను.

మీ అమ్మ,
ఎవాంజెలిన్.


క్యాంపస్ హాస్టల్,
జూన్ 14.

అమ్మా,

శుభములు లేకుండానే మొదలుపెడుతున్నా, ఏమీ అనుకోకు.

చచ్చిపోయింది అనే అన్నాను, మళ్లీ అదే అంటాను. నిద్రించింది అంటే ఎప్పుడో లేస్తుందని కదా. ఎనిమిదేళ్లప్పుడు నేను ఆ మాట నమ్మాను. తెనాలిలో అమ్మమ్మ ఇంట్లో ఉన్న ఏడాదంతా రోజూ పొద్దున్నే అడిగేవాణ్ణట, చెల్లి లేచిందా అని. ఆ మాట పిల్లలకి ఏం చేస్తుందో మీ సంఘం వాళ్లు ఎప్పుడైనా ఆలోచించారా?

నీతో వాదించడం నాకు ఇష్టం లేదు, కాని వాదించకుండా ఉండలేను. మతం మనిషికి ధైర్యం ఇస్తుందంటారు. ఇవ్వనీ, నాకేం అభ్యంతరం లేదు. కాని ధైర్యం ఇచ్చే చేతితోనే మందు లాక్కుంటుంది, నా గొడవ అక్కడ. డాక్టరు "తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు, మందు మాత్రం ఆపొద్దు" అంటాడు. మీ స్వస్తత కూడికల్లో బోధకుడు "తప్పక తగ్గుతుంది" అంటాడు. తగ్గకపోతే రోగి విశ్వాసం చాలలేదంటాడు. డాక్టరు తప్పయితే డాక్టరుది. బోధకుడు తప్పయితే రోగిది. ఇదేం న్యాయం?

నువ్వు చదువుకున్నదానివి. ఆపితే ఏమవుతుందో తెలుసు. తెలిసీ ఆపావు. తర్వాత ఏటా మైకు పట్టుకుని అదే చెప్పి స్తోత్రాలు అందుకుంటావు. నాన్న వదిలేసి వెళ్లినప్పుడు కూడా నువ్వు ఒక్క మాట అనలేదు. ఆ మాట నాకు కావాలి. 'తప్పు చేశాను' అను. సాక్ష్యంలో కాదు, నాతో. అంతే, ఇంకేం అడగను.

దాస్.


తార్నాక,
జూన్ 22.

ప్రియ కుమారునికి,
ప్రభువు నామమున అమ్మ వ్రాయునది.

ముందు ఒక దిద్దుబాటు. స్వస్తత కాదు, స్వస్థత. స కింద థ వత్తు. రెండో తరగతి నుంచీ నీకు ఆ ఒక్క మాట రాదు. పలక మీద యాభైసార్లు రాయించినా యాభైసార్లూ త వత్తే పెట్టావు. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నావు, ఇంకా అదే తప్పు. దేవుడు లేడని రాసుకో, కాని అక్షరం సరిగా రాయి.

మా అమ్మమ్మకి ఊళ్లో బడి గడప తొక్కే వీలు లేదు. కూలికి వెళ్లే ఆడవాళ్లని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది మన గుడే. చదవడం వచ్చాక మా అమ్మమ్మ తన పేరు మట్టిలో రాసుకుని రోజంతా ఎవర్నీ తొక్కనివ్వలేదట. నీ వాదన అంతా ఆ మట్టిలోంచి వచ్చిందిరా. దేవుడు లేకపోయినా బడి ఉండేది అంటావు. ఉండేదేమో. మాకు మాత్రం ఎవరూ తెరవలేదు.

ఇంకొకటి అడుగుతాను. మీ సభలో హెప్సి పేరు చెప్పి దిగాక నీకు ఏం మిగిలింది? సమాధుల తోటలో నలుగురు నా పక్కన నిలబడి పాట పాడారు. అందులో ఇద్దరికి నేనంటే అప్పటికే అసహ్యం. అయినా పాడారు. మీ సంఘం వాళ్లు ఎవరి సమాధి దగ్గరైనా ఏం చేస్తారు? హేళన కాదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

నువ్వు అడిగిన మాట నేను అనలేను. బిళ్లలు మానిపించింది నేనే. అది వెయ్యిసార్లు చెబుతాను. తప్పు చేశాను అని మాత్రం నా నోట రాదు. ఎందుకని అడగకు.

బాలలక్ష్మి చేత మాగాయ పంపాను. మెస్సులో అందరికీ పంచిపెట్టకు.

అమ్మ.


క్యాంపస్ హాస్టల్,
జూలై 3.

అమ్మా,

మాగాయ అందింది. పంచలేదు.

మేము సమాధి దగ్గర ఏం చేస్తామని అడిగావు. ఊరికే నిలబడతాం. తెలియనిది తెలియదని ఒప్పుకుని నిలబడతాం. అది తక్కువేనని నాకూ తెలుసు. కాని అబద్ధం కలపని తక్కువ అది. అమ్మమ్మ వాళ్ల అమ్మకి అక్షరం నేర్పిన వాళ్లకి దండం పెడతాను. వాళ్లు మనుషులు కాబట్టి వాళ్లకి పెడతాను. చేసిన పని మనుషులది, పేరు మాత్రం ఆయనది ఎందుకవ్వాలి?

ఇప్పుడు స్వస్థత (చూసి రాశాను) ఫోన్లలోకి వచ్చేసింది. నిన్న మా ల్యాబులో ఒకతను చూస్తున్నాడు. స్క్రీను మీద చెయ్యి పెట్టమంటాడు, షుగరు పోయిందంటాడు. కింద వేలమంది ఆమెన్. వాళ్లలో ఎంతమంది ఇళ్లలో బిళ్లల డబ్బా మూత పడుతుందో. నేను మాట్లాడేది వాళ్ల పిల్లల కోసం. హెప్సిని చప్పట్ల కోసం వాడుకున్నానని నువ్వు అనుకుంటే అది నన్ను చాలా బాధపెడుతుంది.

నువ్వు మాట అనలేనన్నావు కాబట్టి ఇది చెప్పాలి. ఆగస్టులో మా సంఘం ప్రత్యేక సంచిక వేస్తోంది. 'మా అమ్మ సాక్ష్యం' అని వ్యాసం రాస్తున్నాను. నీ పేరు ఉంటుంది. ఏ రోజు నుంచి ఆపావో, ఎవరి బోధ విని ఆపావో, అన్నీ ఉంటాయి. ఆ మాట నాతో అంటే రాయను. ఇది బెదిరింపులా ఉంది. బెదిరింపే.

దాస్.


తార్నాక,
జూలై 10.

ప్రభుదాసుకు,
ప్రభువు నామమున.

రాసుకో. నా పేరు వేసుకో. మా బడి పేరు మాత్రం వద్దు, అక్కడ పాపం ఆడపిల్లలు చదువుతున్నారు. ఎవరి బోధ అన్నావు కదా. ఆ శ్రమదినాల్లో, అంటే ఈస్టరు ముందు నలభై రోజుల్లో, ఊళ్లు తిరిగే బోధకుడొకడు వచ్చి ఉపవాస కూడికలు పెట్టాడు. "నమ్మినవాడు మందు వెతకడు" అన్నాడు. పేరు గుర్తు లేదు. ముందు వరుసలో చాప మీద పిల్లలు కూర్చున్నారు. అంతవరకు రాసుకో.

ఇంకో సంగతి. ఇంటాయన ఈ పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టిస్తున్నాడు. నెలాఖరుకి ఖాళీ చేయాలి. నల్లకుంటలో ఒక గది చూసుకున్నాను. నీ పుస్తకాలు రెండు అట్టపెట్టెల్లో కట్టి ముందు గదిలో పెట్టాను. శనివారం నేను బడిలో ఉంటాను, అప్పుడు వచ్చి పట్టుకెళ్లు. తాళం పక్కింటి బుచ్చవ్వ దగ్గర ఉంటుంది.

అటక మీద క్రిస్మస్ నక్షత్రం పెట్టె ఉంది. దాన్ని ముట్టుకోకు. చిరిగిపోయిన కాగితం నక్షత్రం, ఎలకలు కొట్టి ఉంటాయి. నేనే పారేస్తాను.

అమ్మ.


క్యాంపస్ హాస్టల్,
జూలై 14.

అమ్మా,

నక్షత్రం పెట్టె దించాను.

ముట్టుకోవద్దన్నావు కాబట్టే దించాను. మన ఇంటికి నక్షత్రం కట్టడం ఎందుకు మానేశామని చిన్నప్పటి నుంచీ అడుగుతున్నాను, చిరిగిపోయింది అనేదానివి. అది చిరగలేదు. తోక కూడా అలాగే ఉంది. ఎలకలూ కొట్టలేదు. దాని లోపల, బల్బు పెట్టేచోట, హెప్సి బిళ్లలు ఉన్నాయి. పదకొండు. ఒక రూళ్ల కాగితంలో చుట్టి ఉన్నాయి. కాగితం మీద పెన్సిల్‌తో రాసి ఉంది.

'యేసయ్యా హెప్సి మందులు నీకు ఇచ్చేస్తున్న. నువ్వు స్వస్తత చెయ్యి. నేను నమ్మిన. ఇట్లు ప్రభుదాసు.'

అక్కడే కూర్చుండిపోయాను. బుచ్చవ్వ వచ్చి "ఏమైంది బిడ్డా, దయ్యం గిట్ల కనబడ్డదా?" అంది. నీళ్లిచ్చింది. తాగానో లేదో తెలియదు.

అన్నీ ఒక్కసారిగా రాలేదు. ముందు వాసన వచ్చింది, నక్షత్రం కాగితం వాసన. తర్వాత ఒంటిపూట బడులు గుర్తొచ్చాయి. నువ్వు పదో తరగతి పేపర్లు దిద్దడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెళ్లేదానివి. పొద్దుటి బిళ్ల, రాత్రి బిళ్ల నువ్వు వేసేదానివి. మధ్యాహ్నం బిళ్ల నేను. పెద్దాడివి, నువ్వే చూసుకోవాలి అని నా చేతికి డబ్బా ఇచ్చావు. బుచ్చవ్వ గడపలో కూర్చుని ఉండేది. నేను మంచం కిందకి దూరి, ఈ పెట్టె మూత తీసి, బిళ్ల నక్షత్రంలో వేసి, హెప్సి నెత్తిన చెయ్యి పెట్టి కళ్లు మూసుకునేవాణ్ణి. అది కూడా మూసుకునేది. ఆమెన్ అనేది. మాకు అది చాలా బాగుండేది అమ్మా. చాప మీద ముందు వరుసలో కూర్చుంది నేను.

ఆసుపత్రిలో డాక్టరు "మందు ఆగిందా?" అని అరుస్తుంటే నువ్వు "నేనే మానిపించాను" అన్నావు. అది నేను విన్నాను. విన్నాను కాబట్టే నాకు అది నిజమైంది. తెనాలిలో అందరూ అదే అన్నారు, మీ అమ్మే మానిపించింది, మీ అమ్మే అని. ఏడాది తిరిగేసరికి నాకు ఇంకేమీ గుర్తు లేదు.

నాన్నకి కూడా చెప్పలేదు నువ్వు. ఆయన నిన్ను హంతకురాలన్నాడు, వెళ్లిపోయాడు, ఇప్పుడు వేరే ఇల్లు. ఒక్క మాట చెబితే ఉండిపోయేవాడు. చెప్పలేదు.

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. ఎందుకని అడిగారు, ఆధారాలు చాలలేదన్నాను.

ఇది నిజమేనని ఒక్కసారి రాయి. ఇంకేం అడగను.

ప్రభుదాస్.


తార్నాక,
జూలై 17.

ప్రభుదాసుకు అమ్మ వ్రాయునది.

ముట్టుకోవద్దు అంటే ముట్టుకున్నావు.

అది నీ రాత కాదు. సండే స్కూలు పిల్లల కాగితాలు ఇంట్లో ఎన్నో ఉండేవి, అందులోది. బిళ్లలు నేను దాచాను. మంచం కిందకి దూరింది, చెయ్యి పెట్టింది అంటున్నవన్నీ ఇప్పుడు ఊహించుకుంటున్నావు. మనిషి బుర్ర అలాంటి పనులు చేస్తుందని మీ చదువుల్లో ఉంటుంది కదా, చూసుకో.

నువ్వు మధ్యాహ్నం బిళ్ల రోజూ వేశావు. మంచి అన్నవు. నేను రాత్రి వచ్చి అడిగితే వేశానమ్మా అనేవాడివి. నాకు గుర్తుంది. అబద్ధం చెప్పే పిల్లాడివి కాదు నువ్వు.

వ్యాసం ఇచ్చేయి. సంచిక ఆగిపోగలదు. పెట్టె బాలలక్ష్మి చేత పంపించు.

అమ్మ.


క్యాంపస్ హాస్టల్,
జూలై 21.

అమ్మా,

పెట్టె పంపను.

సండే స్కూలు పిల్లాడి కాగితం అన్నావు. ఆ పిల్లాడికి స్వస్థతలో థ వత్తు రాదు. స కింద త పెట్టాడు. కింద ప్రభుదాసు అని సంతకం పెట్టాడు. నువ్వు ముప్పై ఏళ్లుగా దిద్దుతున్న చేతిరాతల్లో ఇది ఎవరిదో నీకు తెలియదని నన్ను నమ్మమంటున్నావు.

అవును, వేశానమ్మా అనేవాణ్ణి. అబద్ధం అనుకోలేదు. నక్షత్రంలో వేశాను కదా.

బాలలక్ష్మి రోజూ తిడుతోంది. "ఏంది సారూ, నాలుగు దినాలాయె, అన్నం ముట్టవు. మీ అమ్మకి చెప్పాల్నా?" అంది. చెప్పొద్దన్నాను. చెప్పే ఉంటుంది.

ఇన్నేళ్లు నేను వాదించినవన్నీ ఇప్పటికీ నమ్ముతున్నాను. దేవుడు లేడు. ఈ కాగితం చూశాక ఇంకా గట్టిగా లేడు. ఆ బోధకుడిది తప్పు, పిల్లలదేం లేదు అని ఇంకెవరి గురించైనా సభలో గంటసేపు చెప్పగలను. నాకు నేను చెప్పుకుంటే పనిచేయడం లేదు. మీ వాళ్లు మోకాళ్ల మీద పడి అడుగుతారు, లేస్తారు, ఇంటికెళ్లి అన్నం తింటారు. నేను ఎవర్ని అడగాలి? హెప్సి లేదు. ఆయన లేడు. మిగిలింది నువ్వు ఒక్కదానివి. నువ్వేమో క్షమించడానికి ఏమీ జరగలేదంటావు.

తప్పు చేశాను అనమని నిన్ను అడిగాను, గుర్తుందా? ఇప్పుడు నేను అంటున్నాను. తప్పు చేశాను. చెల్లిని నేనే చంపాను. క్షమించానని రాయి. ఒక్క ముక్క చాలు. కోపంతో రాసినా సరే.

ప్రభుదాసు.


నల్లకుంట,
ఆగస్టు 2.

నాన్నా,

ఇల్లు మారాను. గది చిన్నది. తార్నాక ఇంటికి నిన్నటి నుంచి గోడలు కొడుతున్నారట, బుచ్చవ్వ ఫోన్ చేసి ఏడ్చింది.

మూడు ఆదివారాలుగా గుడికి వెళ్లలేదు. మోకాళ్ల నొప్పులని చెప్పాను. ఇక వెళ్తానని అనుకోను. ఇది మీ సంఘం వాళ్లతో అనకు, చప్పట్లు కొడతారు.

ఎందుకో నీకు చెప్పాలి, మళ్లీ అడగకూడదు. ఎనిమిదేళ్ల పిల్లాడు ఎవడైనా ఉన్నదంతా ఆయన చేతిలో పెట్టి, నేను నమ్మిన అని సంతకం చేసి అడిగితే, ఇవ్వని వాడి ముందు నేను ఎలా మోకరించను? ఇన్నాళ్లు మోకరించానంటే అలాంటి పిల్లాడు లేడు కాబట్టే. నేనే చేశాను, నా పాపానికి నాకు తగిన శాస్తి అయింది అనుకుంటే ఆయన నాకు మిగిలాడు. ఏటా ఆ సాక్ష్యం చెప్పింది సంఘం కోసం కాదు. నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు పెట్టె దించిన రోజు ఆయన నాకు పోయాడు. పోతే పోనీ. నువ్వు ఉండాలి నాకు.

అందుకని క్షమించానని రాయను. రాస్తే జరిగిందని ఒప్పుకున్నట్టు. నీ మీద అది పడటానికి నేను ఒప్పుకోను. నువ్వు కాళ్లు పట్టుకున్నా ఒప్పుకోను. నేను పోయాక కూడా ఒప్పుకున్నట్టు కాదు.

ఆ కాగితం నేను రాసింది. నువ్వు పెద్దయ్యాక అడిగితే చూపిద్దామని పిల్లాడి రాతలాగా పెన్సిల్‌తో రాశాను. చూశావు కదా, అలాంటి తల్లిని. వత్తు సంగతి అంటావా, నాకూ రాదు. ఎప్పుడూ రాలేదు. ముప్పై ఏళ్లుగా పిల్లలకి తప్పే నేర్పాను, ఎవరూ చూసుకోలేదు. కావాలంటే ఈ కింద చూడు, నా చేత్తో రాస్తున్నాను, నాకు అలాగే వస్తుంది.

అన్నం తిను.

నీకు స్వస్తత కలుగు గాక.

అమ్మ.